నవ్వు ఎవరి సొత్తు?

‘ఏడు తరాలు’ మన పేటల్లో చదవనివాళ్లు ఉండొచ్చు గానీ, దాని పేరు విననివాళ్లు తక్కువ. అలెక్స్ హేలీ 1976లో అచ్చేసిన నవలని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. నలభై ఏళ్లు దాటినా అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి తిరుగుతూనే ఉంది. చదివినవాళ్లని ఎవర్నైనా అడగండి, నీకేం గుర్తుందని. ఓడ అడుగున గొలుసులు, వీపు మీద కొరడా, గొడ్డలితో నరికిన పాదం. ఇవే చెప్తారు.

అసలు ఆ పుస్తకం ఎక్కడ మొదలవుతుందో ఎంతమందికి గుర్తుంది? గాంబియాలో జఫూరే అనే పల్లెలో ఒక బిడ్డ పుట్టటంతో మొదలవుతుంది. ఎనిమిదో రోజు ఊరంతా కూడుతుంది. తండ్రి బిడ్డని ఎత్తుకుని, పెట్టబోయే పేరు ముందు ఆ బిడ్డ చెవిలోనే మూడుసార్లు చెప్తాడు. ఎవరి పేరు వాళ్లకే ముందు తెలియాలన్నది అక్కడి ఆచారం. తర్వాతే అది ఊరికి తెలిసేది. ఆ తర్వాత కొరడా పట్టినవాళ్లు లాక్కోవాలని చూసింది ఆ పేరునే. ఆ పండగ లేకపోతే ఆ కొరడా కథకి అర్థమే లేదు. పోగొట్టుకున్నది ఏమిటో తెలియనివాడు దేనికోసం పోరాడతాడు?

నేను చెప్పదల్చుకున్నది ఇదే. మనం నల్లజాతి వాళ్ల దగ్గర్నుంచి కన్నీళ్లు తెచ్చుకున్నాం, కోపం తెచ్చుకున్నాం. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటివాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు కూడా అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచే తెచ్చుకున్నారు. మంచిదే. కానీ వాళ్ల సంతోషాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. వాళ్లు ఎట్లా నవ్వారు, ఏ బొమ్మలు గీశారు, టీవీలో ఎవర్ని చూసి మురిసిపోయారు, ఆడవాళ్లు జుట్టు ఎట్లా దువ్వుకున్నారు, ఇవి ఉద్యమ విషయాలు కావని అనుకున్నాం.

కొందరు కార్యకర్తలకి ఈ మాట రుచించదు. “ఒక పక్క మనుషుల్ని చంపుతుంటే బొమ్మలూ, సీరియళ్లూ, జడలూ ఏందండీ మాస్టారూ” అంటారు. సరైన ప్రశ్నే. అమెరికాలో నల్లవాళ్లు కూడా ఇదే ప్రశ్న వందేళ్ల నుంచి తమలో తాము వేసుకుంటున్నారు. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మెడ మీద మోకాలేసి చంపటం లోకమంతా చూసింది. అంతకుముందూ అట్లాంటి చావుల వీడియోలు ఎన్నో. పొద్దున లేస్తే తమ పిల్లల శవాలే తెర మీద కనపడుతుంటే, వాళ్లలో చాలామంది గట్టిగా అన్నారు: మేమంటే చావు ఒక్కటేనా? మేం బతికింది ఎవరు చూపిస్తారు? ‘బ్లాక్ జాయ్’, అంటే నల్లవాళ్ల సంతోషం, అనే మాట ఈ పదేళ్లలో అంత బలంగా వినపడటానికి కారణం అది. మాట కొత్తదే కావచ్చు. ఆ పని మాత్రం బానిసత్వమంత పాతది.

రెండు రకాల నవ్వు

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. కామందు నవ్వమంటే నవ్వే నవ్వు ఒకటి. మనకి మనం నవ్వుకునే నవ్వు ఇంకొకటి.

బానిసల్ని ఎక్కించిన ఓడల్లో, చచ్చిపోతే సరుకు నష్టం గదా అని, వాళ్లని పైకి తెచ్చి కొరడా చూపించి గంతులేయించేవాళ్లు. సాలమన్ నార్తప్ అనే స్వేచ్ఛాజీవిని 1841లో ఎత్తుకుపోయి బానిసగా అమ్మారు. పన్నెండేళ్ల తర్వాత బయటపడి 1853లో తన కథ రాశాడు. అమ్మకానికి పెట్టిన మనుషుల్ని కొనేవాళ్ల ముందు హుషారుగా కనపడేట్టు ఎట్లా తయారుచేసేవాళ్లో, తనచేత ఫిడేలు ఎట్లా వాయించేవాళ్లో అందులో ఉంది. సంతలో ఎద్దుకి కొమ్ములు రంగేసినట్టు మనిషికి నవ్వు అతికించారు.

1830 ప్రాంతంలో రైస్ అనే తెల్ల నటుడు మొహానికి మసి పూసుకుని నల్లవాడి వేషం కట్టాడు. కుంటుకుంటూ గెంతుతూ పాడే ఆ వేషం పేరు జిమ్ క్రో. జనం విరగబడి చూశారు. కాల్చిన బిరడా మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే నాటకాలు అమెరికా అంతా పెద్ద వ్యాపారం అయ్యాయి. బానిసలు హాయిగా ఉన్నారు, ఆడుకుంటున్నారు, పాడుకుంటున్నారు అన్నదే ఆ నాటకాల సారాంశం. తర్వాత బస్సుల్లో, బళ్లలో, నీళ్ల కుళాయిల దగ్గర నల్లవాళ్లని వేరుచేసిన చట్టాలకి జనం పెట్టిన పేరు కూడా అదే, జిమ్ క్రో చట్టాలు. వేషంగా మొదలైనది చట్టంగా తేలింది.

ఫ్రెడరిక్ డగ్లస్ ఈ మోసాన్ని అందరికంటే ముందే పట్టుకున్నాడు. 1838లో బానిసత్వం నుంచి పారిపోయి 1845లో ఆత్మకథ రాశాడు. బానిసలు పాడతారు కాబట్టి సుఖంగా ఉన్నారని ఉత్తరాది వాళ్లు అనుకోవటం చూసి నివ్వెరపోయానని అందులో చెప్పాడు. గుండె బరువు దించుకోటానికి పాడే పాటని సుఖానికి సాక్ష్యంగా చూపిస్తారా అన్నది ఆయన బాధ. పందొమ్మిదో శతాబ్దం అమెరికాలో అందరికన్నా ఎక్కువగా ఫోటో దిగిన మనిషి డగ్లసేనని పరిశోధకులు లెక్క తేల్చారు. 160 దాకా ఫోటోలు దొరికాయి. మంచి కోటు, దువ్విన జుట్టు, సూటిగా చూసే కళ్లు. నవ్వు మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. మసి పూసుకున్న వేషగాడు లోకం ముందు ఇకిలిస్తుంటే, అసలు నల్లవాడు నేను ఇదిగో అని నిలబడ్డాడు. నవ్వకపోవటం కూడా తన నవ్వుని తాను కాపాడుకోవటమే.

మనకి ఈ తేడా ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు. దొర శవం ముందు కొట్టిన డప్పు వేరు. మన ఊరేగింపులో మనం కొట్టే డప్పు వేరు. తోలు అదే, చేతులు అవే. ఎవరికోసం అన్నదే తేడా.

దేన్ని నిషేధించారో చూడండి

సంతోషం పనికిమాలిన సంగతైతే, దాన్ని చట్టం పెట్టి మరీ ఎందుకు ఆపుతారు?

1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డప్పులు మోగిస్తూ నడిచారు, దారిలో ఇంకొందరు కలిశారు. ఆ తిరుగుబాటుని అణిచేసి, 1740లో అక్కడి పాలకులు ఒక చట్టం చేశారు. బానిసలు డప్పులు, కొమ్ముబూరలు వాడకూడదు. వాళ్లకి రాయటం నేర్పకూడదు. అంతేకాదు, నాసిరకం ముతక గుడ్డ తప్ప మంచి బట్ట కట్టకూడదు. డప్పు, రాత, బట్ట, ఈ మూడింటినీ ఒకే చట్టంలో పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఈ మూడింట్లో మనిషి తలెత్తుతాడని వాళ్లకి తెలుసు.

1786లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాలో గవర్నరు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. బానిసత్వం లేని నల్లజాతి, మిశ్రమజాతి ఆడవాళ్లు కూడా తలకి గుడ్డ కట్టుకుని జుట్టు కప్పుకోవాలి. వాళ్ల జుట్టు అలంకరణ తెల్ల ఆడవాళ్లకి సరితూగటం, మించిపోవటం కంటగింపయింది. ఆ ఆడవాళ్లు ఏం చేశారు? గుడ్డ కట్టారు. కానీ మెరిసిపోయే రంగుల గుడ్డలు తెచ్చి, ఎత్తుగా ముడులేసి, ఆ తలగుడ్డనే కొత్త సింగారంగా మార్చేశారు. ఉత్తర్వుకి లోబడ్డారు. అవమానానికి లోబడలేదు.

అదే ఊళ్లో, న్యూ ఆర్లియన్స్‌లో, ఆదివారం మధ్యాహ్నాలు బానిసలు ఒక మైదానంలో కూడేవాళ్లు. కాంగో స్క్వేర్ అంటారు దాన్ని. సరుకులు అమ్ముకునేవాళ్లు, ఆఫ్రికా డప్పులు కొట్టి ఆడేవాళ్లు. వారంలో ఆరు రోజులు యజమానివి, ఆ కాసేపు తమది. లోకమంతా చెవులొగ్గి విన్న జాజ్ సంగీతానికి వేర్లు ఆ మైదానంలో ఉన్నాయి.

సంబరానికి సొంత జాగా

1863 జనవరి 1న లింకన్ బానిస విముక్తి ప్రకటన చేశాడు. ఆ మాట టెక్సాస్ బానిసల దగ్గరికి అధికారంగా చేరింది 1865 జూన్ 19న, గాల్వెస్టన్ రేవుకి సైన్యం వచ్చాక. రెండున్నరేళ్లు ఆలస్యం. ఆ రెండున్నరేళ్లూ చట్టప్రకారం తమది కాని చాకిరీ చేశారు. వాళ్లకి ఏడవటానికి కారణాలు చాలా ఉన్నాయి. అయినా 1866 నుంచి ఆ రోజుని పండగ చేసుకున్నారు. జూన్‌టీన్త్ అని పేరు పెట్టుకున్నారు. ఎర్ర షర్బత్తు తాగటం, మాంసం కాల్చుకుని అందరూ కలిసి తినటం, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకోవటం.

పండగ చేసుకోటానికి చోటేది? ఊళ్లో పార్కులు వాళ్లని రానివ్వలేదు. అప్పుడు హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ అనే పాస్టరు, ఒకప్పటి బానిస, మరికొందరు కలిసి చందాలు పోగేశారు. 1872లో 10 ఎకరాలు కొన్నారు. గొలుసులు తెగి దాదాపు ఏడేళ్లే. కూలి డబ్బుల్లో పైసా పైసా తీసి కొన్న ఆ నేల సంబరం చేసుకోటానికి! ఇమాన్సిపేషన్ పార్క్ పేరుతో అది ఈనాటికీ ఉంది. 2021లో జూన్‌టీన్త్‌ని అమెరికా ప్రభుత్వం జాతీయ సెలవుదినం చేసింది. ప్రభుత్వం ఒప్పుకునేదాకా వాళ్లు ఆగలేదు. 150 ఏళ్లు ముందే మొదలుపెట్టారు.

ఏప్రిల్ 14కి విగ్రహం పెట్టుకోటానికి గజం జాగా ఇవ్వని ఊళ్లు చూసినవాళ్లకి ఆ 10 ఎకరాల విలువ ఏమిటో విడమర్చి చెప్పాలా?

అరుగు మీద కబుర్లు రాసినావిడ

ఇక పుస్తకాలు. జోరా నీల్ హర్స్‌టన్ ఫ్లోరిడాలో ఈటన్‌విల్ అనే ఊళ్లో పెరిగింది. 1887లో నల్లవాళ్లు తమకి తాముగా ఏర్పాటు చేసుకున్న ఊరు అది. మేయరూ నల్లవాడే, దుకాణందారూ నల్లవాడే. సాయంత్రం దుకాణం అరుగు మీద చేరి జనం కోతలు కోసేవాళ్లు, సామెతలు విసురుకునేవాళ్లు, ఒకర్నొకరు ఆటపట్టించేవాళ్లు. ఆమె చదువుకుని మానవశాస్త్రం నేర్చుకుని, మళ్లీ ఆ అరుగు దగ్గరికే వచ్చి ఆ కథలన్నీ పోగుచేసింది. 1937లో ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ అనే నవల రాసింది. జేనీ అనే నల్ల స్త్రీ మూడు పెళ్లిళ్లు చేసుకుని, తనకి ఏం కావాలో తానే తేల్చుకునే కథ. జనం మాట్లాడే యాసలోనే రాసింది.

ఆ నవలని రిచర్డ్ రైట్ ఉతికి ఆరేశాడు. ఆయనేం చిన్న రచయిత కాదు. తర్వాత ‘నేటివ్ సన్’ రాసి అమెరికాని కుదిపేసినవాడు. ఈమె పుస్తకంలో చెప్పదగ్గ విషయమేమీ లేదు, తెల్లవాళ్లని నవ్వించే ఆ పాత మసి వేషాల వరసలోనే ఇదీ ఉంది అన్నాడు. ఉద్యమ రచయితలు చాలామంది ఆయన పక్షమే. పుస్తకం మరుగున పడింది. 1960లో ఆమె బీదరాలిగా చనిపోయింది. చందాలతో పూడ్చిపెట్టారు. సమాధి మీద రాయి కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే యువ రచయిత్రి వెతుక్కుంటూ వెళ్లి, పిచ్చిమొక్కల్లో నడిచి, ఆ చోట రాయి పెట్టించింది. ఆ తర్వాత పుస్తకం మళ్లీ లేచింది. ఇవాళ అమెరికా బళ్లలో, కాలేజీల్లో పాఠం.

రైట్ కోపంలో న్యాయం లేకపోలేదు. మసి వేషాల చరిత్ర తెలిసినవాడికి నవ్వంటే అనుమానం ఉంటుంది. కానీ ఆయన ఒక చోట తప్పాడని నా అభిప్రాయం. ఆ అరుగు మీద నవ్వు తెల్లవాడికి ఎట్లా కనపడుతుంది అని చూశాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లకి అది ఏమిటో చూడలేదు. మనల్ని చూసి వాళ్లు నవ్వుతారేమోనని మనం నవ్వటం మానేస్తే, మన నోటి తాళంచెవి ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నట్టు. ఉద్యమానికి రైట్ కావాలి, హర్స్‌టన్ కూడా కావాలి. ఒకరి కోసం ఇంకొకర్ని రాయి లేని గోతిలో పెట్టొద్దు.

పిల్లల విషయంలో ఈ సంగతి ముందే గ్రహించినవాడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈయనకే. నల్లవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని బాబాసాహెబ్ అడిగారు, డుబోయిస్ జవాబు రాశారు. ఆ అర్జీల డుబోయిస్ మనకి తెలుసు. అదే డుబోయిస్ 1920, 1921 సంవత్సరాల్లో జెస్సీ ఫాసెట్ వంటివాళ్లతో కలిసి ‘ద బ్రౌనీస్ బుక్’ అనే పిల్లల మాసపత్రిక నడిపాడు. కథలు, ఆటలు, నల్లపిల్లల ఫోటోలు. మూకలు మనుషుల్ని చెట్లకి ఉరేసి చంపుతున్న రోజులవి. ఆ హత్యల లెక్కలు అచ్చేసిన చేత్తోనే పిల్లల ఆటలూ అచ్చేశాడు.

గోడ మీద బొమ్మ, ఇంట్లో టీవీ

ఎర్నీ బార్న్స్ 1938లో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పుట్టాడు. మ్యూజియాలు నల్లవాళ్లని రానివ్వని కాలం, రానివ్వని ఊరు. ఫుట్‌బాల్ ఆడి బతికాడు, బొమ్మలు గీశాడు. ‘ద షుగర్ షాక్’ అనే ఆయన బొమ్మ చూడండి. కిక్కిరిసిన హాలు. పాట. చేతులు పైకి, నడుములు వంగి, చెమటతో ఒళ్లు మరిచి ఆడుతున్న ఆడా మగా. పొడుగ్గా సాగిన ఒళ్లు, రబ్బరులాగా వంగే ఎముకలు. అందరి కళ్లూ మూసే ఉంటాయి. చిన్నతనంలో తను దొంగచాటుగా చూసిన నాట్యాల జ్ఞాపకం అది. వారమంతా ఎవరికో చాకిరీ చేసిన ఒళ్లు శనివారం రాత్రి తనకోసం కదిలితే ఎట్లా ఉంటుందో ఆ బొమ్మ చెప్తుంది. మార్విన్ గే 1976లో దాన్ని తన రికార్డు అట్ట మీద వేశాడు. 2022లో ఆ బొమ్మ వేలంలో కోటీ యాభై మూడు లక్షల డాలర్లకి పోయింది. కానీ నల్లవాళ్లకి అది వేలం పాటలో తెలిసిన బొమ్మ కాదు. అంతకు చాలాముందే టీవీలో చూసి, అచ్చు కాగితం కొనుక్కుని ఇంటి గోడకి తగిలించుకున్నారు.

ఏ టీవీలో? ‘గుడ్ టైమ్స్’ అనే సీరియల్లో. 1974 నుంచి 1979 దాకా వచ్చింది. షికాగోలో ప్రభుత్వం కట్టిన ఇరుకు ఇళ్లలో ఉండే బీద నల్ల కుటుంబం కథ. ఉద్యోగం ఊడుతుంది, అద్దె కట్టలేరు, అయినా ఇంట్లో జోకులు, ప్రేమ, పిల్లల చదువులు. తల్లి వేషం వేసిన ఎస్తర్ రోల్ మొదట్లోనే పట్టుబట్టింది, ఈ కథలో తండ్రి ఉండి తీరాలని. నల్లవాళ్ల ఇంట్లో మగదిక్కు ఉండదని చూపించటం టీవీకి అలవాటు కాబట్టి. పెద్దకొడుకు చిత్రకారుడు. అతను గీసినట్టు చూపించే బొమ్మల్లో చాలావరకు ఎర్నీ బార్న్స్‌వే.

తర్వాత ఏమైందో కూడా తెలుసుకోవాలి. ఆ పెద్దకొడుకు వెకిలి చేష్టలకి జనం నవ్వుతున్నారని కంపెనీవాళ్లు చేష్టలు పెంచారు, కథ తగ్గించారు. ఎస్తర్ రోల్, తండ్రి వేషం వేసిన జాన్ ఏమోస్ బాహాటంగానే గొడవపడ్డారు, ఇది మన పిల్లలకి చూపించాల్సిన మనిషి కాదని. ఏమోస్‌ని 1976లో తీసేశారు. ఆమె 1977లో తప్పుకుంది, మార్పులు చేస్తామన్నాక చివరి ఏడాదికి తిరిగొచ్చింది. చూశారా, ఆ రెండు నవ్వుల తగాదా టీవీ పెట్టెలోకీ వచ్చింది. నవ్వుని కాపాడుకోవటం కూడా సమ్మె చేసినంత పనే.

ఆ గొడవ లేకుండా నడిచినది ‘సోల్ ట్రెయిన్’. డాన్ కార్నీలియస్ 1970లో షికాగోలో మొదలుపెట్టాడు, 1971 నుంచి దేశమంతా వచ్చింది, 2006 దాకా సాగింది. నల్ల కుర్రకారు రెండు వరసల్లో నిలబడతారు, మధ్యలో ఇద్దరిద్దరు ఆడుకుంటూ వస్తారు. అంతే. నడిపేదీ నల్లవాడే, ఆడేదీ వాళ్లే, మధ్యలో వచ్చే ప్రకటనలు కూడా నల్లవాళ్ల జుట్టు నూనెల కంపెనీవి. శనివారం ఇళ్లలో పిల్లలు ఆ అడుగులు చూసి నేర్చుకునేవాళ్లు. తమని దొంగలుగానో పనివాళ్లుగానో మాత్రమే చూపించిన పెట్టెలో తమని తాము చూసుకున్నారు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 1984 నుంచి 1992 దాకా ‘కాస్బీ షో’లో డాక్టరు భర్త, లాయరు భార్య ఉన్న నల్ల కుటుంబాన్ని చూసి కోట్లమంది ఆనందించారు. కానీ ఆ షో చూసిన తెల్లవాళ్లలో చాలామంది, ఇంకేముంది, వివక్ష పోయింది, వెనకబడినవాళ్లది సొంత తప్పే అనుకున్నారని 1992లో ఒక పరిశోధన తేల్చింది. భూమి, ఉద్యోగం, కోర్టు తీర్పు ఇవ్వాల్సిన చోట సీరియల్ ఇచ్చి సరిపెడితే అది సంతోషం కాదు, మత్తుమందు.

అద్దం ముందు

అందం సంగతికి వస్తే మన అక్కచెల్లెళ్లే నాకన్నా బాగా చెప్పగలరు. పిల్లలకి పాఠం చెప్పేవాడిగా ఒకటి చెప్తాను. మూడో తరగతిలో “మీ అమ్మ బొమ్మ గీయండి” అంటే, పిల్లలు రంగు పెన్సిళ్ల డబ్బాలో లేత గులాబీ రంగు తీసి “ఇది ఒంటిరంగు సార్” అని మొహానికి పూస్తారు. ఎవరి ఒళ్లు అది? ఆ గదిలో ఆ రంగు ఒళ్లు ఒక్కటీ లేదు.

కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు 1940ల్లో ఇదే సంగతి బొమ్మలతో పరీక్ష చేశారు. నల్లపిల్లల ముందు ఒక తెల్లబొమ్మ, ఒక నల్లబొమ్మ పెట్టి ఏది మంచిది అని అడిగితే, ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. నువ్వు ఏ బొమ్మలాగా ఉన్నావు అనేసరికి కొందరు ఏడ్చారు. బళ్లలో వేరుచేయటం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది. అంటే అద్దంలో పిల్ల ఏం చూస్తుందన్నది కోర్టు దాకా వెళ్లిన విషయం. టోనీ మోరిసన్ 1970లో తన మొదటి నవల ‘ద బ్లూయెస్ట్ ఐ’ రాసింది నీలికళ్లు కావాలని ప్రార్థించే నల్లపిల్ల గురించే.

చట్టం ఒక్కటే ఆ పిల్లకి అందాన్ని తిరిగివ్వలేదు. ఆ పని మనుషులు చేశారు. శారా బ్రీడ్‌లవ్ 1867లో లూసియానాలో పుట్టింది. ఆ ఇంట్లో బానిసగా కాకుండా పుట్టిన మొదటి బిడ్డ. ఏడేళ్లకే తల్లీతండ్రీ పోయారు. బట్టలుతికి బతికింది. జుట్టు ఊడిపోతుంటే తలకి మందు తయారుచేసుకుని, అదే అమ్మి, మేడమ్ సి.జె. వాకర్ పేరుతో కంపెనీ పెట్టింది. వేలమంది నల్ల ఆడవాళ్లు ఇళ్లలో పాచిపని మానేసి ఆమె సరుకులు అమ్ముకుని బతికారు. 1917లో వాళ్లందరితో ఫిలడెల్ఫియాలో మహాసభ పెట్టింది. తలనూనెలు అమ్మే ఆ ఆడవాళ్ల సభ నుంచి, నల్లవాళ్ల మీద మూకహత్యలు ఆపాలని అధ్యక్షుడు విల్సన్‌కి టెలిగ్రాం వెళ్లింది. సింగారం వేరు, రాజకీయం వేరు అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

1962 జనవరి 28న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒక ఫ్యాషన్ ప్రదర్శన జరిగింది. క్వామీ బ్రాత్‌వైట్ అనే ఫోటోగ్రాఫరు, అతని అన్న, స్నేహితులు పెట్టారు. నల్లగా నిగనిగలాడే అమ్మాయిలు, జుట్టు సాగదీయకుండా ఉన్నది ఉన్నట్టు ఉంగరాలుగా వదిలేసి, ఆఫ్రికా బట్టలు కట్టి నడిచారు. ‘నలుపే అందం’ అన్న నినాదం ఊరూరా పాకటానికి బ్రాత్‌వైట్ ఫోటోలు చాలా సాయం చేశాయి. ఈ తగాదా ఇంకా అయిపోలేదు. జడలు, ఉంగరాల జుట్టు ఉందని ఉద్యోగంలోంచి, బడిలోంచి పంపించటం చట్టవిరుద్ధమని కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు చేశాయి. దేశం మొత్తానికి ఆ చట్టం ఇంకా లేదు.

మనకీ ఒక అద్దం ఉంది. ప్రతి పేటలో నీలం సూటు, టై, చేతిలో పుస్తకంతో నిలబడ్డ మనిషి. మంచి బట్ట కట్టకూడదన్న 1740 నాటి చట్టం లాంటిదే మన ఊళ్లలో రాయకుండా నడిచింది. ఆ సూటు దానికి జవాబు.

ఒకే పత్రికలో రెండు పేజీలు

చివరిగా ఒక పత్రిక సంగతి, ఎందుకంటే ఇదీ పత్రికే గదా. ‘జెట్’ అని 1951లో జాన్ హెచ్. జాన్సన్ పెట్టిన నల్లవాళ్ల వారపత్రిక. జేబులో పట్టేంత చిన్నది. మంగలి షాపుల్లో, బ్యూటీ పార్లర్లలో ఎక్కడ చూసినా అదే ఉండేది. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల పిల్లాడిని, ఒక తెల్ల ఆడమనిషి మీద చొరవ చేశాడని చెప్పి, గుర్తుపట్టలేకుండా కొట్టి చంపి నదిలో పారేశారు. తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది. నా బిడ్డని ఏం చేశారో లోకం చూడాలంది. ఆ ఫోటో ‘జెట్’ వేసింది. ఒక తరం నల్ల యువకులు ఆ ఫోటో చూసి ఉద్యమంలోకి వచ్చారు.

అదే ‘జెట్’ పెళ్లిళ్లు వేసింది, కొత్త పాటలు వేసింది, అందమైన అమ్మాయిల ఫోటోలు వేసింది. ఈ వారం టీవీలో నల్లవాళ్లు ఎవరెవరు ఎప్పుడు కనపడతారో జాబితా కూడా వేసింది. ఆ జాబితా చూసుకుని ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేవాళ్లు. అచ్చవటం 2014లో ఆగిపోయింది గానీ, ఆ పద్ధతి మనకి పాఠం. చంపిన బిడ్డ ఫోటో, నవ్వే అమ్మాయి ఫోటో ఒకే కుట్టులో ఉన్నాయి. ఒకటి చూసినవాడికి ఇంకొకటి ఎందుకో అర్థమయ్యేది. ఎవర్ని చంపారో తెలియాలంటే ఆ మనిషి ఎట్లా నవ్వేవాడో తెలియాలి.

మన పత్రికలు తిరగేయండి. మన పేర్లు ఎక్కువగా శవపంచనామాలో ఉంటాయి, ఎఫ్ఐఆర్‌లో ఉంటాయి. అవి రాయాల్సిందే. ఒక్కటీ వదలకూడదు. కానీ పేటలో పెళ్లికి ముసలమ్మలు పాడిన పాట, పొలంలో విసురుకున్న జోకు, డిగ్రీ పాసైన పిల్ల కట్టుకున్న చీర, డప్పు కట్టే మేస్త్రి పనితనం, వీటికి పేజీ లేదు. మనల్ని చంపేవాళ్లు మనల్ని శవాలుగానే చూస్తారు. మన పత్రిక కూడా మనల్ని శవాలుగానే చూపిస్తే ఎట్లా?

అందుకని సంపాదకులకి ఒక మాట, సంఘాలకి ఒక మాట. సంపాదకులు ప్రతి సంచికలో ఒక పేజీ దీనికి ఇవ్వండి. అత్యాచారాల పేజీ తగ్గించకుండానే ఇవ్వండి. సంఘాలు ఈ నెల మీటింగులో ‘ఏడు తరాలు’ తీయండి. కొరడా దాకా పోవద్దు. మొదటి పేజీలు, బిడ్డ చెవిలో పేరు చెప్పేదాకా, పైకి చదవండి. చదివాక పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల తాతలకీ నానమ్మలకీ ఆ పేర్లు ఎట్లా వచ్చాయో, ఆ రోజు ఇంట్లో ఏం వండారో అడిగి రాసుకురమ్మనండి. వచ్చినవన్నీ ఈ పత్రికకి పంపండి.